ముప్పై ఎనిమిది మందీ పరిగెత్తాల్సిందే

మా బడిలో పిల్లలు 38 మంది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లం. కోనసీమలో ఒక పంట కాలువ గట్టున, కొబ్బరి తోటల మధ్య ఉన్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఇది. ఇంత చిన్న బడికి ఆటల పోటీలు దేనికి, వార్షికోత్సవం దేనికి, వాటికి మళ్లీ చందాలు దేనికి అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఐదొందల మంది ఉన్న హైస్కూల్లో అయితే చూడముచ్చటగా ఉంటుంది గానీ, గుప్పెడు మంది పిల్లలతో పండుగేమిటని వాళ్ల ఉద్దేశం.

నా లెక్క వేరు. పెద్ద బడిలో పోటీలంటే పరిగెత్తేది నలభై మంది, మిగతా వాళ్లంతా గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టాలి. చిన్న బడిలో అలా కుదరదు. ప్రతి పిల్లా బరిలోకి దిగితేనే పోటీ అనిపించుకుంటుంది, ప్రతి ఇంటి నుంచీ ఒకరు వస్తేనే సభ నిండుతుంది. ఊరూ బడీ నిజంగా కలిసేది ఇలాంటి చోటే. అందుకే మా బడి కమిటీ రెండు కట్టుబాట్లు పెట్టుకుంది. ఆడని పిల్ల ఉండకూడదు. ఇవ్వలేకపోయానని చిన్నబోయే తల్లి ఉండకూడదు. ఏడాది పొడవునా మేం చేసే హడావిడి అంతా ఈ రెండిటి కోసమే.

మా పండుగల వరస ఇదీ. జూన్‌లో బడి తెరిచాక కొత్తగా చేరిన పిల్లల చేత, వాళ్ల అమ్మానాన్నల ఎదుట, పలక మీద అక్షరాలు దిద్దిస్తాం. ఆగస్టు 15 జెండా పండుగ సరే సరి. ఆగస్టు 29 మాకు ప్రత్యేకం. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో, హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ 1905లో పుట్టింది ఆ తేదీనే కాబట్టి తెలుగు భాషా దినోత్సవం, జాతీయ క్రీడా దినోత్సవం కలిసి వస్తాయి. పొద్దున పొడుపు కథలు, పద్యాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆటలు. నవంబరు 14న స్వపరిపాలన. ఐదో తరగతి పిల్లలే ఆ రోజు హెడ్మాస్టర్లు, టీచర్లు, ఎంఈఓలు. అమ్మ చీర కట్టుకొచ్చిన టీచరమ్మ నన్ను ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పమంటుంది. డిసెంబరు 7న పతాక దినోత్సవం, సంక్రాంతి సెలవులకు ముందు పిల్లల సంత, సెలవుల నుంచి వచ్చాక ఆటల పోటీలు, జనవరి 26న బహుమతులు. ఎండలు ముదరకముందే వార్షికోత్సవం.

ఆటల పోటీల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ప్రాథమిక పాఠశాలకు వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఉండదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో కూడా వ్యాయామ బోధకుడి మాట ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వంద మందికి పైగా పిల్లలున్న బడికే వస్తుంది. అదే చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికీ కావలసిన ఆట వస్తువులు ఇవ్వాలని చెబుతుంది. అంటే ఆడించే బాధ్యత పాఠం చెప్పేవాళ్లదే. పొద్దున భాగహారం చెప్పిన మనిషే సాయంత్రం ఈల మెడలో వేసుకోవాలి. కష్టమనిపించినా దీనివల్ల ఒక మేలుంది. ఏ పిల్లకి తరగతిలో భయమో, ఏ పిల్లవాడు నలుగురిలో నోరు విప్పడో మాకు ముందే తెలుసు. ఆట ఎవరికి అవసరమో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఆటస్థలం మూల నుంచి మూలకు కొలిస్తే 40 మీటర్లు. వంద మీటర్ల పందెం పెట్టే వీలు లేదు, ఆ వయసు పిల్లలకు అవసరమూ లేదు. ఇక్కడ మరిచిపోకూడని పని ఒకటుంది. పోటీలకు రెండు మూడు రోజుల ముందే దింపు తీసే ఆయన్ని పిలిచి గోడ పక్క చెట్ల మీది ముదురు కాయలు, ఎండు మట్టలు దింపించేయాలి. కొబ్బరి చెట్టు కింద పిల్లలను నిలబెట్టే బడి ఏదైనా సరే, ముందు తలెత్తి పైకి చూడాలి.

పరుగు గీతలు గీయడానికి పెద్ద బళ్లలో సున్నం, తాడు, కొలత టేపు వాడతారు. మా దగ్గర తల్లులు గీస్తారు. ముందు రోజు సాయంత్రం నేల చిమ్మి, నీళ్లు చల్లి, ఐదారుగురు ముగ్గు గిన్నెలతో వస్తారు. గుప్పిట్లో ముగ్గు పట్టుకుని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచి సన్నగా జారవిడుస్తూ, నడుం వంచి వెనక్కి వెనక్కి నడుస్తారు. చూపు వేళ్ల మీద ఉండదు, గీత మొదలైన చోటి మీదే ఉంటుంది. గీత వంకర పోకుండా రావడంలో కిటుకు అదేనట. ఐదుగురు పక్కపక్కన పరిగెత్తడానికి ఆరు గీతలు కావాలి. ఆరూ అయ్యాక, ముగిసే చోట ఒక పద్మం వేస్తే గానీ వాళ్లకు తృప్తి ఉండదు. ఒక ఏడు ఆ పద్మాన్ని తొక్కడం ఇష్టం లేక పిల్లలు ముగింపు దగ్గరకొచ్చి పక్కకు తప్పుకున్నారు. అప్పటి నుంచి పద్మం ముగింపు గీతకు అవతల వేస్తున్నారు.

ఇప్పుడు అందరూ పరిగెత్తడం సంగతి. పిల్లలను వయసు ప్రకారం ఐదుగురేసి జట్లు చేస్తే ఎప్పుడూ గెలిచేవాళ్లే గెలుస్తారు. ఎప్పుడూ చివర వచ్చే పిల్ల రెండో ఏడు కడుపు నొప్పని ఇంట్లో ఉండిపోతుంది. అందుకని వారం ముందు ఉత్తుత్తి పరుగు పెడతాం. ముందు వచ్చినవాడు గీత దాటేసరికి మిగతావాళ్లు ఎన్ని అడుగులు వెనకబడ్డారో పుస్తకంలో రాసుకుంటాం. అసలు పందెం రోజు ఆ అడుగులు లెక్కపెట్టి ఎవరి మొదలు గీత వాళ్లకు గీస్తాం. నిదానంగా పరిగెత్తే పిల్ల నాలుగడుగులు ముందు, వేగంగా పరిగెత్తే పిల్లవాడు అందరికన్నా వెనక. ఇలా చేస్తే ఐదుగురూ ఇంచుమించు ఒక్కసారే గీత దగ్గరకు వస్తారు. గెలుపు ఎవరిదో చివరి అడుగు దాకా తెలియదు. చురుకైన పిల్లవాడు కూడా ప్రాణం పెట్టి పరిగెత్తక తప్పదు.

మూడో తరగతిలో ఒక కుర్రాడికి పుట్టుకతోనే కుడికాలు కాస్త బలహీనం. వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి, "మా వోడిని వదిలేయండి టీచరు గారండీ, పడితే నలుగురూ నవ్వుతారు" అంది. ఉత్తుత్తి పరుగులో వాడెంత వెనకబడ్డాడో చూపించి, అంత ముందుకు వాడి గీత గీయమని ఆమె చేతికే ముగ్గు గిన్నె ఇచ్చాను. వాడు రెండో స్థానంలో వచ్చాడు. నవ్వినవాళ్లు ఎవరూ లేరు. ఈ ఏడాది వాడే వచ్చి, తన గీత ఒకడుగు వెనక్కి జరపమని అడిగాడు.

ఇలాంటి పిల్లల మాటొచ్చినప్పుడు నేను దీప్తి జీవాంజి కథ తల్లిదండ్రులకు చెబుతాను. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం అమ్మాయి. బుద్ధి వికాసంలో వెనకబాటు ఉందని చిన్నప్పుడు ఊళ్లో వెక్కిరించారు. చదువుకున్న బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ పిల్ల పరుగును గుర్తించారు. 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు సాధించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మా పిల్లలంతా పతకాలు తేవాలని కాదు నేను ఈ కథ చెప్పేది. ఒక బడిలో ఒక మనిషి ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి ఉంటే ఆ పరుగు సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

కుర్చీలాటను కూడా మేం కాస్త మార్చుకున్నాం. మామూలుగా పాట ఆగేసరికి కుర్చీ దొరకని పిల్ల బయటకు పోవాలి. అంటే ఎక్కువ ఆడాల్సిన పిల్లే అందరికన్నా ముందు ఆట మానేసి కూర్చుంటుంది. మా దగ్గర కుర్చీని తీసేస్తాం, పిల్లను తీయం. ఉన్న కుర్చీల్లోనే అందరూ సర్దుకోవాలి. చివరికి రెండు కుర్చీల మీద ఎనిమిది మంది ఒకరి ఒళ్లో ఒకరు, ఒకరి భుజం పట్టుకుని ఒకరు. నేల మీద ఎవరి కాలూ ఆనకపోతే అందరూ గెలిచినట్టే. చెంచాలో నిమ్మకాయ, గోనెసంచి పరుగు, కప్పగంతులు, దోసిట్లో నీళ్లు తెచ్చి సీసా నింపడం వంటివి అన్ని బళ్లలోనూ ఉన్నవే. ఖోఖోకు మాత్రం తరగతులు కలిపేస్తాం. ఒకటో తరగతి పిల్ల ఐదో తరగతి పిల్లవాడి వీపు మీద చరిచి "ఖో" అని అరవడంలో ఆమెకు దొరికే ఆనందం ఏ బహుమతిలోనూ దొరకదు.

పెద్దవాళ్లకు ఒకే ఆట, సూదీ దారం. పిల్ల దారం పట్టుకుని పరిగెత్తుకెళ్లి అవతల కూర్చున్న అమ్మకివ్వాలి. అమ్మ సూదిలో దారం ఎక్కించాలి. పిల్ల ఆ సూది తీసుకుని జాగ్రత్తగా నడిచి రావాలి. సూది చేతిలో ఉంటుంది గనుక వచ్చేటప్పుడు పరిగెత్తకూడదని నియమం. దీన్ని మేం "తల్లుల పోటీ" అని పిలవం. కోనసీమలో చాలా ఇళ్లలో తల్లి కువైట్‌లోనో, ఖతార్‌లోనో, దుబాయ్‌లోనో ఇంటి పనికి వెళ్లి ఉంటుంది. మా 38 మందిలోనూ అలాంటి పిల్లలున్నారు. వాళ్ల అమ్మమ్మలు, నాన్నమ్మలు వచ్చి కూర్చుంటారు. ఒక పెద్దావిడకు చూపు సరిగా ఆనదు. దారం కొస నోట్లో తడిపి, వేళ్లతో నులిమి, సూది బెజ్జాన్ని గోటితో తడుముకుంటూ పట్టుకుని, దారాన్ని సూదికి కాక సూదినే దారం మీదకు తెచ్చి ఎక్కించేసింది. కళ్లద్దాలున్న కుర్ర తల్లులింకా బెజ్జం వెతుక్కుంటూనే ఉన్నారు. ఫోను వీడియోలో అటువైపు కువైట్ నుంచి ఆవిడ మనవరాలి తల్లి చూస్తూనే ఉంది.

బహుమతుల విషయంలో నా పట్టుదల ఒకటే. పాల్గొన్న ప్రతి పిల్లకూ ఒకే రకం స్టీలు గ్లాసు, దాని మీద పేరు. గెలిచినవాళ్లకు అదనంగా మేం అట్టతో చేసిన పతకం. షీల్డులు అలమారాల్లో దుమ్ము పట్టిపోతాయి. గ్లాసైతే రోజూ చేతికొస్తుంది, రాగిజావ దాంట్లోనే తాగుతారు.

ఇక డబ్బు. చాలామందికి తెలియని విషయం కాబట్టి వివరంగా చెబుతాను. సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం ప్రభుత్వ బడికి ఏటా పిల్లల సంఖ్యను బట్టి కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది. 30 మంది లోపు ఉంటే 10 వేలు, ఆపైన 100 మంది వరకు 25 వేల రూపాయలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రత పనులకు ఖర్చు పెట్టాలి. మిగతాది సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న చిన్న రిపేర్లకు. ఆటవస్తువులకు వేరే గ్రాంటు ఉంది. ప్రాథమిక పాఠశాలకు 5 వేలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేలు. ఐదు వేలతో బంతులు, స్కిప్పింగు తాళ్లు, రింగులు వస్తాయి. మైకు సెట్టు, షామియానా, గ్లాసులు, పిల్లలకు నిమ్మకాయ నీళ్లు వీటిలో దేనికీ ఆ డబ్బు తీయకూడదు, తీయం. అక్కడే ఊరి చందా కావాలి.

చందా వసూలు టీచర్ల పని కాకూడదన్నది నా అభిప్రాయం. దానికి కమిటీ ఉంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ఏర్పడే ఈ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లై ఉండాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. చాలా ఊళ్లలో ఈ కమిటీ సంతకాలకే పరిమితమైపోతుంది. ఆటల పోటీల ఖర్చు దాని చేతిలో పెట్టి చూడండి, ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. మైకు సెట్టు బేరం నేను ఆడితే ఒక ధర, మా కమిటీ చైర్మనమ్మ ఆడితే ఇంకో ధర. "మీ పిల్లే కదండీ రేపు మా బళ్లో చేరేది, ఆయ్, ఎంతకిస్తారో చెప్పండి" అంటుంది. ఆయన ఇంకేం మాట్లాడతాడు!

కమిటీ ఏం చేస్తుందంటే, సంక్రాంతి ముందు వరండాలో మూత వేసిన డబ్బా ఒకటి పెడుతుంది. ఎవరెంత వేశారో ఎవరికీ తెలియదు. కూలికి వెళ్లే తల్లి పది రూపాయలు వేసినా, తోట ఉన్న రైతు ఐదొందలు వేసినా ఒకటే చప్పుడు. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు కమిటీ బ్యాంకు ఖాతాలో వేసి రశీదు తీసుకుంటారు. జనవరి 26న చదివే పేర్ల పట్టికలో మాత్రం అంకెలుండవు. అకారాది క్రమంలో అన్ని ఇళ్ల పేర్లూ ఉంటాయి. ముగ్గు గీతలు గీసినవాళ్లు, దింపు తీసినాయన, బల్లలు మోసిన కుర్రాళ్లు, డబ్బులివ్వకుండా పని చేసిన ప్రతి ఒక్కరూ అదే పట్టికలో ఉంటారు. గట్టు మీద ఉండే ఒక కుటుంబం పేరు పట్టికలో విన్నాక ఆ ఇంటాయన లేచి నిలబడి కండువా సర్దుకోవడం చూశాను. అంతకు ముందు ఆయన బడికి వచ్చి ఎరగడు. తర్వాత నుంచి ఏ సమావేశమూ మానలేదు.

జనవరి 26నే, వచ్చిన డబ్బు, అయిన ఖర్చు, మిగిలినది ఐదో తరగతి పిల్లలు వరండాలోని నల్లబల్ల మీద రాస్తారు. కూడికలు తీసివేతలు వాళ్లవే. నెల రోజుల దాకా ఆ లెక్క తుడవం. దారిన పోయేవాళ్లు సైకిలాపి చదువుకుని వెళతారు. "నిమ్మకాయలకి అంతయ్యిందేంటండీ?" అని అడుగుతారు. అడగాలి. అలా అడగగలిగిన ఊరే మళ్లీ ఏడు ఇస్తుంది.

ఒకసారి ఒకాయన బ్యాగులిస్తానని వచ్చారు. సంతోషించాం. పిల్లలను వరసగా నిలబెట్టి, వెనక తన బొమ్మతో ఫ్లెక్సీ కట్టి, ఒక్కొక్కరికీ ఇస్తూ ఫొటోలు తీయించుకోవాలన్నారు. వద్దన్నాం. బ్యాగులు కమిటీకి ఇవ్వండి, మేం తరగతిలో పంచుతాం, మీ పేరు పట్టికలో చదువుతాం అని చెప్పాం. ఆయన తిరిగి రాలేదు. పోయిన బ్యాగుల గురించి నాకు బాధ లేదు. ఏడేళ్ల పిల్ల చేయి చాపి నిలబడిన బొమ్మ ఊరంతా వాట్సాప్‌లో తిరగడం ఏ బ్యాగుకీ తగిన ధర కాదు.

ఇవ్వడంలో మర్యాద ఎలా ఉండాలో మా కోనసీమకు కొత్తగా నేర్పక్కర్లేదు. పి.గన్నవరం మండలం లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు గోదావరి దాటి వచ్చేవాళ్లకు వేళా పాళా చూడకుండా అన్నం పెట్టారు, అడిగినవాళ్ల కులగోత్రాలు అడగలేదు. ఇప్పుడు మన రాష్ట్రంలో బడి భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. ఆ పథకానికి తోడుగా తిథి భోజనం అని ఒక వెసులుబాటు ఉంది. ఎవరైనా పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, పెద్దల తిథికో బడి పిల్లలందరికీ భోజనం పెట్టవచ్చు, లేదా రోజూ ఉండే భోజనంలో ఒక పదార్థం అదనంగా ఇవ్వవచ్చు. మా ఊళ్లో బూరెలు, పులిహోర, అరటిపళ్లు వస్తుంటాయి. షరతు ఒక్కటే. పెడితే 38 మందికీ పెట్టాలి, పెట్టేవాళ్లు మా పిల్లల పక్కనే కూర్చుని తినాలి.

చిన్న బడి తీసుకోవడంతో ఆగకూడదు, ఇవ్వడమూ నేర్పాలన్నది నాకు మనసులో నాటుకున్న విషయం. దానికి కారణముంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ఊడ్చేసినప్పుడు నేను నాలుగో తరగతి. వెయ్యి మందికి పైగా పోయారు, లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. మా బడికి పైకప్పు లేదు. కొన్నాళ్లకు ఎక్కడో వేరే జిల్లా పిల్లలు పోగుచేసి పంపిన నోటు పుస్తకాలు వచ్చాయి. నాకొచ్చిన పుస్తకం లోపలి అట్ట మీద పెన్సిలుతో ఒక పువ్వు బొమ్మ గీసి ఉంది. ఊరూ పేరూ లేదు. నా ఈడు పిల్ల ఎవరో నాకోసం గీసిందన్న సంగతి మాత్రం నాకు అర్థమయింది.

పిల్లల సంత అందుకే పెట్టాం. సంక్రాంతి సెలవులకు ముందు శనివారం మధ్యాహ్నం, వరండాలో. బడి పెరట్లో పిల్లలు పెంచిన తోటకూర, బెండకాయలు, ఇళ్ల నుంచి వచ్చిన కొబ్బరి లౌజు, జంతికలు, పోకుండలు, తాతయ్యలు చీరి కట్టిన ఈనెల చీపుర్లు. ధరలు పిల్లలే అట్టముక్కల మీద రాస్తారు. ఒకటో తరగతి పిల్ల తోటకూర కట్ట ఐదు రూపాయలని అరుస్తుంటే పక్కన మూడో తరగతి పిల్ల చిల్లర చూస్తుంది. ఇరవై నోటిచ్చి రెండు కట్టలు తీసుకుంటే తిరిగి ఎంతివ్వాలో వేళ్ల మీద లెక్కపెట్టి, ఇచ్చిన చిల్లర మళ్లీ వెనక్కి తీసుకుని లెక్కపెట్టి, అప్పుడు ఇస్తుంది. కొనేవాళ్లు ఓపిగ్గా నిలబడతారు. తీసివేతలకు ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. వచ్చిన డబ్బు బడికి వాడం. ఎవరికివ్వాలో పిల్లలే చేతులెత్తి తేల్చుకుంటారు. ఒక ఏడాది కాలిపోయిన ఇంటి వాళ్లకు బియ్యం కొన్నారు. ఇంకో ఏడాది పక్క ఊరి బడికి కథల పుస్తకాలు పంపారు. పుస్తకాల లోపలి అట్టల మీద బొమ్మలు గీశారు. నేను చెప్పకుండానే కాదు, నేను చెబితేనే.

పతాక దినోత్సవం చందా వేరు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న ఇది జరుగుతోంది. యుద్ధంలో చనిపోయిన సైనికుల భార్యలు, గాయపడిన సైనికులు, మాజీ సైనికుల కుటుంబాల సంక్షేమానికి ఆ డబ్బు వాడతారు. ఈ చందాను చాలా చోట్ల పిల్లల తలకింతని లెక్కగట్టి అడుగుతారు. నాకది ఇష్టం ఉండదు. చొక్కాకు గుచ్చుకునే చిన్న జెండా డబ్బులు తెచ్చినవాళ్లకే ఇస్తే, తేని పిల్ల ఆ రోజంతా చొక్కా మీద చేయి పెట్టుకుని తిరుగుతుంది. మేం డబ్బాలో ఎంత పడితే అంత పంపుతాం, జెండా బొమ్మ మాత్రం 38 మందీ రంగు కాగితంతో తామే చేసుకుని పెట్టుకుంటారు. 2024లో సరిగ్గా అదే తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేసారి తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిగింది. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాగుడు. ఫోను మాట్లాడుకుంటూ గేటు బయటే నిలబడే తండ్రులు లోపలికొచ్చి, చెప్పులు విప్పి తాడు పట్టుకున్నారు. ఆ తర్వాతి నెల, జనవరి పోటీలకు బల్లలు మోసింది వాళ్లే.

వార్షికోత్సవం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. సినిమా పాటలకు అద్దె దుస్తులతో డాన్సులు మానేశాం. ఒక్కో పిల్లకు దుస్తుల అద్దె రెండు మూడొందలవుతుంది. అది తల్లి ఒక రోజు కూలి. వేదిక మీద పాఠంలోని కథే నాటకంగా వేస్తారు. మాటలున్న పాత్రలు చాలకపోతే చెట్లు, వాగు, వాన కూడా మాట్లాడతాయి. అలా రాసుకుంటే 38 పాత్రలు సులువుగా వస్తాయి.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, ఇంకా దూరాల నుంచి సొంత ఊరు వచ్చేవాళ్లు చదువుకున్న బడికి ఏదైనా చేయాలనుకుంటారు. బడికి సెలవులే అయినా భోగి ముందు రోజు సాయంత్రం మేం తాళం తీసే ఉంచుతాం. రాగానే బీరువా, టీవీ అని మాట ఇవ్వకుండా, ఏం కావాలని ముందు అడగండి. మా జాబితా వరండాలోనే ఉంటుంది. నీళ్ల ఫిల్టరుకు క్యాండిల్, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ, స్కిప్పింగు తాళ్లు, నాలుగైదు తరగతుల పిల్లలు చదవగలిగే కథల పుస్తకాలు. వీలుంటే జనవరి 26 ముందు వారం దాకా ఆగండి. పందెంలో ఈల వేయడానికి, ముగింపు గీత దగ్గర నిలబడి ఎవరు ముందొచ్చారో చూడటానికి మాకు మనుషులు కావాలి.

పోయిన పోటీల ఖర్చులు పోగా ఈసారి కొంత డబ్బు మిగిలింది. సొంత మైకు కొనుక్కుంటే ఏటా అద్దె తప్పుతుందని తండ్రులంటున్నారు. సూదీ దారం ఆడే పెద్దావిడలకు ఎండలో కూర్చోవడం కష్టంగా ఉంది, వరండా ముందు రేకుల పందిరి వేయిద్దామని తల్లులంటున్నారు. నాకు పందిరి వేస్తేనే బాగుంటుందనిపిస్తోంది గానీ, నేను చెప్పను. నెలాఖరు శనివారం కమిటీ కూర్చుంటుంది, అక్కడే తేల్చుకుంటారు.